మడిలో దేని పక్కన దేన్ని పెట్టాల: అనంతపురం ఎండకి, గాలికి, బోరు నీళ్ళకి తగ్గ జోడీలు

అక్కా, మీరు అడిగింది ఇదీ: ఇంటి వెనకాల ఇటుకలతో రెండు మడులు కట్టించినారు, ఒక్కోటి పదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అడుగున నేల అట్లే వదిలేసినారు, పొడుగు ఉత్తరం దక్షిణంగా ఉండాది, నీళ్ళు బోరువి. నెట్‌లో దొరికిన కంపానియన్ ప్లాంటింగ్ చార్ట్, అంటే ఏ మొక్క పక్కన ఏది పెడితే మేలో చెప్పే పట్టిక, ఒకటి ప్రింట్ తీసి పెట్టుకున్నారు, దాంట్లో టమోటా పక్కన బేసిల్, క్యారెట్ పక్కన ఉల్లి, గుమ్మడి పక్కన నాస్టర్షియం అనే పూల మొక్క, అన్నిటి పక్కనా బంతి అని రాసుండాది. ఇది మన అనంతపురంలో పనిచేస్తాదా, ఈ జూన్‌లో ఏమేం కలిపి పెట్టాల అని. నారు పెంచి అమ్మేది నా పని, ఈ చార్ట్ పట్టుకొని ఎవరో ఒకరు వస్తానే ఉంటారు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ఆ చార్టులు ఎక్కువగా అమెరికా, ఇంగ్లండ్ తోటల కోసం రాసినవి. ఒక్కో జోడీ వెనకాల ఒక పురుగో ఒక ఇబ్బందో ఉంటాది, అది మన ఊర్లో లేకపోతే ఆ జోడీకి పనే లేదు. క్యారెట్ పక్కన ఉల్లి ఎందుకు పెట్టమన్నారంటే అక్కడ క్యారెట్ ఫ్లై అని ఒక ఈగ ఉంటాది, వాసన పట్టుకొని వచ్చి క్యారెట్ మొదట్లో గుడ్లు పెడతాది, ఉల్లి వాసన దాన్ని తికమక పెడతాదని వాళ్ళ లెక్క. చలి దేశాల ఈగ అది, మన ఎండల్లో దాని బాధ మనకి లేదు. టమోటా పక్కన బోరేజ్ అనే మొక్క పెట్టమనేది హార్న్‌వర్మ్ అనే అమెరికా పురుగు కోసం. ఉర్లగడ్డ పక్కన అది పెట్టు ఇది పెట్టు అనేది చాలావరకు కొలరాడో బీటిల్ గురించి, అది ఇండియాలో లేనే లేదు. గుమ్మడి జాతికి అక్కడ తీగ తొలిచే పురుగు, స్క్వాష్ బగ్ బెడద, మనకేమో ఎర్ర పెంకు పురుగు, పండు ఈగ. నాస్టర్షియం అయితే మన ఎండకి ఏప్రిల్ చూడకముందే మాడిపోతాది, చలికాలంలో ముచ్చటకి పెట్టుకోండి, అంతే.

అట్లని చార్ట్ చింపెయ్యమని కాదు. క్యారెట్, ఎర్రగడ్డ కలిపి పెట్టమని నేనూ చెప్తా, కాకపోతే కారణం వేరే. ఎర్రగడ్డ వేరు పైపైనే ఉంటాది, క్యారెట్ లోపలికి దిగుతాది, ఎర్రగడ్డ ఆకు సన్నంగా నిలువుగా ఉంటాది కాబట్టి పక్కదానికి నీడ పడదు. అంటే ఒకే జాగాలో రెండూ తగాదా లేకుండా బతుకుతాయి. ఇట్లా కారణం తెలిస్తే చార్ట్ అక్కర్లేదు, మీరే జోడీలు కట్టుకోవచ్చు. కాబట్టి ముందు మన ఊరి శత్రువులు ఎవరో చూడాల.

మొదటి శత్రువు పడమటి ఎండ. పొడుగు మొక్కల్ని ఉత్తరం పక్కన పెట్టండి, లేకపోతే చిన్నవాటికి ఎండ తగలదు అని చార్ట్‌లో ఉంటాది చూడండి, అది సూర్యుడు ఏడాదంతా దక్షిణానికి వాలి ఉండే దేశాల మాట. మనం 14.7 డిగ్రీల దగ్గర ఉన్నాం, ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆ రెండిటికీ మధ్యలో ఉత్తరం పక్కకే కాస్త ఒరుగుతాడు. ఎండ చాలదనే బాధ మనకి లేదు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కొట్టే ఎండతోనే తంటా. అందుకే పొడుగువి పడమర, పొట్టివి తూర్పు, ఇది గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. మీ మడి ఉత్తరం దక్షిణంగా ఉండడం మంచిదైంది. పడమటి అంచున బెండో, చెట్టుచిక్కుడో, మొక్కజొన్నో పెడితే సాయంత్రం నీడ మిగతా మూడడుగుల మీద పడతాది, ఆ నీడలో కొత్తిమీర, మెంతాకు, చుక్కాకు, పాలకూర ఇంకొన్ని వారాలు ఎక్కువ నిలుస్తాయి. కొత్తిమీర ఎండకి తొందరగా పూతకొచ్చి ఆకు పోతాది కదా, నీడ ఉంటే ఆ పూత లేటవుతాది. ఇంతకంటే నికరమైన కంపానియన్ ప్లాంటింగ్ నాకు తెలియదు, దీనికి వాసనలూ వద్దు, నమ్మకాలూ వద్దు.

రెండోది గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన పక్క పడమటి గాలి ఎట్ల కొడతాదో మీకు చెప్పాల్సిన పని లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలికి మిరప, టమోటా లేత మొక్కలు ఊగి ఊగి మొదట్లో చర్మం లేచిపోతాది, మడిలో తడి కూడా సాయంత్రానికల్లా లాగేస్తాది. మీరు పడమర కాంపౌండ్ గోడ లేదన్నారు కాబట్టి మడి బయట, నేల మీదనే, ఒకటిన్నర అడుగు వదిలి జొన్న గాని సజ్జ గాని రెండు సాళ్ళు ఒత్తుగా చల్లండి. గాలి తగ్గుతాది, పైగా గాలిలో కొట్టుకొచ్చే తామర పురుగులు, తెల్లదోమ మొదట ఆ సాళ్ళకే తగులుకుంటాయి. జొన్న పూతకొచ్చినప్పుడు దాని పుప్పొడి తినడానికి అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు వస్తాయి, అవే పక్కకి దిగి మన మొక్కల రసం పీల్చే పేనుబంకని తింటాయి. పిట్టలు కూడా కంకికి వస్తాయి, వచ్చినవి పురుగుల్నీ ఏరుకుంటాయి, టమోటా మాగితే దాన్నీ పొడుస్తాయి, ఆ నష్టం కొంచెం ఓర్చుకోవాల.

పక్క మొక్క ఎంత ముఖ్యమో మన జిల్లాకి కొత్తగా చెప్పే పని లేదు. 2000లో అనంతపురం జిల్లాలో శెనక్కాయకి కాండం కుళ్ళు వైరస్ వచ్చి లక్షల ఎకరాలు పోయింది, పెద్దవాళ్ళని అడిగితే ఇప్పటికీ చెప్తారు. ఆ వైరస్ యాడ నుంచి వచ్చిందంటే గట్ల మీద, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ నుంచి. వయ్యారిభామకి వైరస్ ఉన్నా బయటికి కనిపించదు, పచ్చగా పూస్తానే ఉంటాది, దాని పుప్పొడిలో వైరస్ ఉంటాది, ఆ పుప్పొడిని తామర పురుగులు ఒంటికి అంటించుకొని శెనక్కాయ ఆకు మీద వాలి గీకినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతాది. అప్పటి నుంచే చుట్టూ జొన్న, సజ్జ బార్డర్ వెయ్యమని, గట్ల మీద వయ్యారిభామ పూతకి రాకముందే పీకెయ్యమని చెప్తా వచ్చినారు. మీ మడికీ అదే వర్తిస్తాది. మడిలో ఎంత మంచి జోడీలు కట్టినా కాంపౌండ్ మూల వయ్యారిభామ తెల్లగా పూసి ఉంటే లాభం లేదు, అది వేరు నుంచి, ఆకు నుంచి వదిలే రసం కూడా పక్క మొక్కల్ని ఎదగనీదు. పూత రాకముందు, చేతికి కవర్ తొడుక్కొని పీకండి, కొందరికి ఒళ్ళంతా దద్దులు వస్తాయి. పొద్దుతిరుగుడు పువ్వు ముచ్చటగా ఉంటాది గాని అదీ పక్కవాటిని అణిచేదే, మడిలో వద్దు, దూరంగా గేటు దగ్గర ఒకటి పెట్టుకోండి.

ఇంక ఎత్తు సంగతి, మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. రైజ్డ్ బెడ్ అనేది నీళ్ళు నిలిచే చోట వేర్లు కుళ్ళకుండా కట్టుకునేది. జమ్మలమడుగు, నంద్యాల వైపు నల్లరేగడిలో అయితే వానాకాలం అడుగు ఎత్తు మడి బంగారం. మన ఎర్రమన్నులో నీళ్ళు నిలిచేది తక్కువ, జారిపోయేది ఎక్కువ, పైగా ఇటుక గోడ నాలుగు పక్కలా ఎండకి కాగి మట్టిని పొయ్యి మీద పెనంలా చేస్తాది. కట్టేసినారు కాబట్టి పడగొట్టమని అనను. మట్టిని గోడ అంచుకి నాలుగంగుళాలు కిందకే నింపండి, ఆ గోడే లేత నారుకి గాలి అడ్డమవుతాది, నీళ్ళు పొర్లవు. పడమటి గోడ బయటికి తీగ బచ్చలి వేలాడదీయండి, అది ఇటుక మీద పచ్చటి తెర లాగా పరుచుకుంటాది, వేరు చల్లగా ఉంటాది, వారానికొకసారి పప్పులోకి ఆకు వస్తాది. బచ్చలి లేకపోతే అలసంద తీగ అయినా సరే. పైన మల్చింగ్‌కి, అంటే మట్టి ఎండకుండా కప్పడానికి, శెనక్కాయ పొట్టు రెండు అంగుళాల మందం వెయ్యండి, మన ఊర్లో మిల్లుల దగ్గర దానికి కొదవ లేదు. చెదలు పట్టే నేల అయితే పొట్టుతో పాటు వేపపిండి కలిపి చల్లండి, మొక్క మొదలుకి తగలకుండా ఒక జానెడు వదలండి.

బోరు నీళ్ళ ఉప్పు ఇంకోటి. మడి అంచుల్లో తెల్లగా పూత లాగా కనపడితే అదే. డ్రిప్ పెడితే ఉప్పు తడి ఆగిపోయే అంచుకి పోయి చేరతాది, అందుకే ఉప్పుకి ఓర్వలేనివి, అంటే బీన్స్, క్యారెట్, ఎర్రగడ్డ లాంటివి, డ్రిప్పర్‌కి దగ్గరగా, బీట్‌రూట్, పాలకూర లాంటి ఓర్చుకునేవి అంచుల్లో పెట్టండి. ఏ చార్ట్‌లోనూ ఈ ముక్క ఉండదు, కానీ మనకి ఆకు కొసలు మాడేది సగం ఇందువల్లే, చాలామంది దాన్ని తెగులు అనుకొని మందు కొడతా ఉంటారు. మంచి వాన పడిన రోజు మల్చ్ పక్కకి జరిపి మడిని బాగా తడవనియ్యండి, ఉప్పు కిందికి దిగిపోతాది. నీళ్ళ విషయంలో ఇంకొక్కటి, ఎక్కువ తాగేదాన్ని తక్కువ తాగేదాన్ని ఒకే లైన్ మీద పెట్టొద్దు. వామాకు, రోజ్‌మేరీ, కలబంద ఇవి టమోటా పక్కన పెడితే కుళ్ళి చస్తాయి, వాటికి కుండీలే మేలు. పుదీనాకి కుండీ ఎందుకంటే వేరే కారణం, అది నీళ్ళు దొరికితే నేల కింద పాకి మడినంతా ఆక్రమిస్తాది, ఆర్నెల్ల తర్వాత మీరు పీకలేరు. నిమ్మగడ్డి కూడా మడిలో వద్దు, దుబ్బు అయి కూర్చుంటాది.

బంతి దగ్గరికి వద్దాం, అందరికీ ఇదే డౌట్. బంతి పురుగుల్ని తరుముతాదని అనుకొని ప్రతి సందులో ఒకటి నాటుతా ఉంటారు. టమోటా విషయంలో అది చేసే పని తరమడం కాదు, పిలుచుకోవడం. కాయతొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు టమోటా కంటే బంతి మొగ్గ మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడతాది, ఆకు మీద పాము పొడ గీసే పురుగు కూడా బంతి ఆకుకి పోతాది. బెంగళూరు ఐఐహెచ్ఆర్ అనే తోట పంటల పరిశోధన సంస్థ వాళ్ళు రైతులకి చెప్పిన లెక్క ఏందంటే 16 సాళ్ళ టమోటాకి ఒక సాలు ముద్దబంతి, బంతి నారు 45 రోజులది, టమోటా నారు 25 రోజులది, రెండూ ఒకే రోజు నాటాల. ఆ వయసు తేడాలోనే కిటుకంతా ఉండాది, టమోటా పూతకి వచ్చేసరికి బంతికి మొగ్గలు రెడీగా ఉండాల. మీరు టమోటా నారు కొన్న రోజే చిన్న బంతి నారు కొని నాటితే టమోటా కాయ పట్టి, పురుగు దూరి అయిపోయినాక బంతి పూస్తాది, అప్పుడు అది దండకి తప్ప దేనికీ పనికిరాదు. కాబట్టి బంతి గింజ టమోటా గింజ కంటే ఇరవై రోజులు ముందు చల్లుకోండి. మీ మడికి పన్నెండు టమోటా మొక్కలు పడతాయి, దానికి రెండు చివర్లలో తలా ఒక బంతి చాలు, ఎక్కువ పెడితే అదే టమోటా నీళ్ళూ ఎండా లాక్కుంటాది.

ఎర పంట పెట్టి వదిలేస్తే మాత్రం మీరే పురుగులకి అంగన్‌వాడీ నడిపినట్టు అవుతాది. రెండు మూడు రోజులకొకసారి బంతి మొగ్గలు విప్పి చూడాల, పురుగు ఉన్న మొగ్గ తుంచి సబ్బు నీళ్ళలో వెయ్యాల. ఆ ఓపిక లేకపోతే బంతి వెయ్యకపోవడమే మేలు, ఇది ఎవరూ చెప్పరు. ఎండాకాలం ఏప్రిల్, మే నెలల్లో బంతికి ఎర్రనల్లి విపరీతంగా పడతాది, ఆకు కింద సన్నటి గూడు, పైన తెల్ల చుక్కలు కనిపిస్తే ఆ మొక్కని పీకి కవర్లో కట్టి పారెయ్యండి, లేకపోతే వంకాయకి, బెండకి ఎక్కుతాది. క్యాబేజీకి ఆవాలు కూడా ఇట్లాంటి ఎరే, క్యాబేజీ నాటడానికి పదిహేను రోజుల ముందు ఒకసారి, నాటిన ఇరవై ఐదు రోజులకి ఇంకొకసారి ఆవాలు చల్లితే డైమండ్‌బ్యాక్ పురుగు దాని మీదికి పోతాది, రైతులు 25 సాళ్ళకి రెండు సాళ్ళు వేస్తారు, మీకు మడి చివర ఒక చారెడు జాగా చాలు. లద్దె పురుగుకి ఆముదం. మన శెనక్కాయ చేలల్లో ఆముదం మొక్కలు చెదురుగా వేసేది ఇందుకే, గుడ్ల గుంపు ఆముదం ఆకు మీద ఉంటే ఆ ఆకు తుంచేస్తారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారన్నారు, ఆముదం గింజ విషం, వద్దు.

బంతికి రెండో గుణం వేరులో ఉంటాది, అది మట్టిలో ఉండి మొక్కల వేర్లని పట్టే నులిపురుగుల మీద పనిచేస్తాది. దీని మీద కూడా అపార్థం ఎక్కువ. పక్కన ఒక బంతి మొక్క ఉన్నంత మాత్రాన టమోటా వేరుకి రక్షణ రాదు, ఆ గుణం బంతి వేరు ఉన్నంత మేరకే. నేలంతా ఒత్తుగా బంతి వేసి రెండు మూడు నెలలు ఉంచితే అప్పుడు నులిపురుగులు గట్టిగా తగ్గుతాయి, పొట్టి ఫ్రెంచ్ బంతికి ఈ గుణం ఇంకా ఎక్కువ. మీ మడి మట్టిలో నులిపురుగు ఉందో లేదో తెలుసుకునేది సులువు, ఒక బెండ మొక్క పీకి వేరు చూడండి, వేరే ఉబ్బి గడ్డలు గడ్డలుగా ఉంటే అదే. అలసంద, చిక్కుడు వేరుకి ఉండే బుడిపెలు చూసి భయపడొద్దు, అవి గోటితో గీకితే ఊడొస్తాయి, లోపల ఎర్రగా ఉంటాయి, అవి మేలు చేసేవి. నులిపురుగు గడ్డ ఊడిరాదు, అది వేరులో భాగమే.

ఆ అలసంద, చిక్కుడు గురించి కూడా ఒక మాట. ఇవి గాల్లో నత్రజని పట్టి పక్క మొక్కకి ఇస్తాయని రాస్తారు. బతికి ఉన్నంత వరకు చాలావరకు అది తనకే వాడుకుంటాది, పక్కదానికి దక్కేది చాలా తక్కువ. అది చచ్చి వేరు, ఆకు కుళ్ళినాక తర్వాత వేసే పంటకి అందుతాది. అందుకే కాపు అయినాక మొక్కని పీకొద్దు, మొదట్లో కోసి వేరు మడిలోనే వదిలెయ్యండి, ఆకు మల్చ్ కిందకి తొయ్యండి, ఆ జాగాలో తర్వాత టమోటానో వంకాయో పెట్టండి. అలసందకి ఇంకో లాభం, దానికి నల్ల పేనుబంక తొందరగా పడతాది, దాన్ని చూసి అక్షింతల పురుగులు దిగుతాయి, మిరపకి పేను వచ్చేసరికి ఇవి మడిలోనే ఉంటాయి. కాబట్టి అలసంద మీద పేను కనపడగానే మందు కొట్టొద్దు, కాస్త ఆగండి. వంకాయ ఆకుని జల్లెడ చేసే అక్షింతల పురుగు వేరే ఉంటాది, దాని వీపు మెరవదు, మసకగా ఉంటాది, చుక్కలు 28 దాకా ఉంటాయి, పిల్ల పురుగు పసుపుగా ముళ్ళతో ఉంటాది. దాన్ని ఏరి చంపండి, మెరిసే వీపుదాన్ని వదిలెయ్యండి.

పూల విషయంలో ముద్దబంతి తేనెటీగలకి పెద్దగా పనికిరాదు, రేకులు ఒత్తుగా ఉంటే తేనె అందదు. తేనెటీగలకి తులసి పూత, ఒంటి రేకుల కాస్మోస్, జినియా మంచివి. కొత్తిమీర, సోంపు, మెంతి వీటిలో నాలుగు మొక్కలు కొయ్యకుండా పూతకి వదలండి, కొత్తిమీర పూత చిన్న గొడుగు లాగా వస్తాది కదా, ఆ చిన్న పూల దగ్గరికి సిర్ఫిడ్ ఈగలు, అంటే పిల్ల పురుగులు పేనుబంకని తినే ఈగలు, పురుగుల గుడ్ల మీద బతికే కంటికి కనపడనంత చిన్న కందిరీగలు వస్తాయి. బేసిల్ అంటే మీకు దొరికేది తులసి, రుద్రజడ, ఏదైనా సరే, టమోటా రుచి పెరుగుతాదనేది నేను నమ్మను, తేనెటీగల కోసం పెట్టండి. ఇంకో సంగతి, సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, పగటి తేనెటీగల కోసం ఎన్ని పూలు పెట్టినా వాటికి ఉపయోగం తక్కువ. పిందె పసుపు పట్టి రాలిపోతా ఉంటే సాయంత్రం మగ పువ్వు తుంచి ఆడ పువ్వుకి మీరే అద్దండి. దోస, గుమ్మడి, కాకర పొద్దున విచ్చుకుంటాయి, వాటికి మాత్రం ఈ పూలు బాగా సాయం.

మన పెద్దల జోడీ ఒకటి ఉండాది, శెనక్కాయలో కంది. శెనక్కాయ మూడున్నర నెలల్లో పీకేస్తాం, కంది మొదట్లో నిదానంగా పెరిగి శెనక్కాయ పోయినాక విచ్చుకుంటాది, వేరు లోతుకి పోయి ఆఖరి వానల తడి అందుకుంటాది. ఒకరి టైం ఇంకొకరికి అడ్డం రాదు. మడిలో దీన్నే చిన్నగా చెయ్యండి, టమోటా, వంకాయ మొక్కల మధ్య రెండడుగులు ఖాళీ వదులుతాం కదా, అవి కమ్ముకోవడానికి నెలన్నర పడతాది, ఆలోపు ఆ ఖాళీలో ముల్లంగి, మెంతాకు, చిర్రాకు వేసి కోసుకోవచ్చు. అమెరికా పాత జోడీ మొక్కజొన్న, బీన్స్, గుమ్మడి గురించి కూడా అడిగినారు, నాలుగడుగుల మడిలో గుమ్మడి పెడితే మడంతా అదే ఉంటాది, నేల మీద జాగా ఉంటే జొన్న, అలసంద, గుమ్మడి కలిపి వేసి చూడండి, జొన్న మోకాలెత్తు వచ్చినాక అలసంద గింజ పెట్టండి.

కలపకూడనివి పెద్ద లిస్ట్ ఏం లేదు. టమోటా, వంకాయ, మిరప, ఉర్లగడ్డ ఒకే కుటుంబం, తెగుళ్ళూ ఒకటే, ఒకే మడిలో అన్నీ కుక్కొద్దు, ఒకదాని వెనక ఒకటి అదే జాగాలో వెయ్యొద్దు. చిక్కుడు పక్కన ఉల్లి, తెల్లగడ్డ పెడితే ఎదగవని చార్ట్‌లో ఎర్ర గుర్తు ఉంటాది, నేనైతే ఆ తేడా చూడలేదు, జాగా ఉంటే పెట్టుకోండి.

ఇప్పుడు మీ రెండు మడులకి. మొదటి మడి ఈ జూన్‌లో: పడమటి అంచున బెండ, గోరుచిక్కుడు ఐదారు మొక్కలు కలిపి ఒక సాలు, నడుమ వంకాయ నాలుగు, మిరప ఆరు, రెండూ ఒకే కుటుంబం కాబట్టి వంకాయ ఒక చివర, మిరప ఇంకో చివర, వాటి మధ్య ఖాళీలో చిర్రాకు, మెంతాకు, తూర్పు అంచున కొత్తిమీర, మూలల్లో తులసి, పడమటి గోడ బయటికి బచ్చలి. మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి, రెండిటికీ మందు ఒకటి కాదు కాబట్టి ముడత యాటు ఉందో చూసి ఫోటో పెట్టండి. నీలం జిగురు అట్ట తామర పురుగులకి, పసుపుది తెల్లదోమకి, మడికి చెరొకటి కట్టండి. వేపనూనె లీటరుకి ఐదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూటే కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడతాది.

రెండో మడిలో కూరగాయలు ఇప్పుడు వద్దు. జూలైలో మడంతా ఒత్తుగా బంతి వెయ్యండి, కొత్తగా పోసిన ఎర్రమన్నులో నులిపురుగు ఉన్నా తగ్గుతాది, దసరాకి పూలు ఇంట్లోవే. అక్టోబర్‌లో దాన్ని ముక్కలుగా కోసి మట్టిలో కలిపి, వేపపిండి చదరపు మీటరుకి రెండు గుప్పెళ్ళు వేసి, రెండు వారాలు ఆగి టమోటా పన్నెండు నాటండి, చివర్లలో ముద్దబంతి రెండు, తూర్పు అంచున డ్రిప్ పక్కనే క్యారెట్, ఎర్రగడ్డ, ఖాళీల్లో ముల్లంగి. ఎర్రగడ్డకి గింజ కాకుండా నారు తీసుకోండి. ఆ చివర్లలో పెట్టే బంతికి గింజ సెప్టెంబర్ మొదట్లోనే ఒక ట్రేలో చల్లాల, టమోటా గింజ దానికి ఇరవై రోజుల తర్వాత. బంతి మడిలో పాత మొక్కలు ఉన్నాయి కదా వాటినే రెండు వదిలేస్తే సరిపోదా అంటే సరిపోదు, అవి అప్పటికి ముదిరిపోయి ఉంటాయి, మొగ్గ ఆగిపోతాది, ట్రేలో కొత్తవి చల్లుకోండి.